నల్లచెయ్యి బొమ్మకి జముకు

పలాస టేసను వెనక జగన్నాథరావుగారు గుడారం వేయించిన ఏడాది మా వాళ్ళకి మతులు పోయాయి. మాటవరసకి అనడం లేదు. పొద్దున్న లేచి పళ్ళు తోముకోక ముందే నిన్న చూసిన బొమ్మ గురించి, బొమ్మ కంటే దాని బాజా గురించి వాదించుకునేవారు. కొబ్బరికాయ దింపాలన్న ధ్యాస లేదు, మడికి నీళ్ళు కట్టాలన్న ధ్యాస లేదు. ఆడవాళ్ళం మగవాళ్ళని తిట్టుకుంటూనే, పొద్దుగూకేసరికి చాపలు చంకన పెట్టుకుని మేమే ముందు బయలుదేరేవాళ్ళం. ఇందులో నేనొక్కదాన్నే బుద్ధిమంతురాలినని చెప్పుకోను.

మూగబొమ్మలు, అంటే మాటల్లేని సినిమాలు, మాకు కొత్త కాదు. అంతకు ముందూ బరంపురం వైపు నుంచి ఏదో ఒక కంపెనీ వచ్చి, తెర కట్టి, ఇంజను పెట్టి, కొన్నాళ్ళు ఆడించి పోయేది. తెర పక్కన ఒక హార్మోనియం, ఒక తబలా ఉండేవి. దేవుడు ప్రత్యక్షమైనా అదే పాట, దొర గుర్రం మీంచి పడినా అదే పాట. జగన్నాథరావుగారికి అది నచ్చలేదు. ఆయన టెక్కలి భూస్వాముల బిడ్డ, కలకత్తా చూసొచ్చిన మనిషి. అక్కడ ఏ బొమ్మకి ఆ బొమ్మకే బాజా కడతారట. పలాసలో మాత్రం అలా ఎందుకు ఉండకూడదని ఆయన పంతం. ఫిడేళ్ళవాళ్ళని, క్లారినెట్టువాణ్ణి, డోలువాణ్ణి రప్పించి, గుడారం చుట్టూ గుడ్డలు దించి, పగలంతా చీకట్లో తెర ముందు కూర్చోబెట్టి, బొమ్మ వేయించి, ఆపించి, మళ్ళీ వేయించి, ఆ ఒక్క బొమ్మ కోసం కొత్త బాజా కట్టించారు.

ఆ బొమ్మ పేరేదో ఇంగ్లీషులో ఉండేది. మేము నల్లచెయ్యి బొమ్మ అనేవాళ్ళం. నల్ల తొడుగు వేసుకున్న చెయ్యి ఒకటి తలుపు సందులోంచి వస్తుంది, దీపం ఆర్పుతుంది, తెల్లారేసరికి ఆ ఇంట్లో ఒకరు చచ్చి పడి ఉంటారు. చెయ్యి ఎవరిదో చెప్పరు. రోజుకో భాగం వేసి, సరిగ్గా ఊపిరి బిగబట్టిన చోట ఆపేసి, మిగతాది రేపు చూడండి అనేవారు. ఆ చెయ్యి తలుపు తోసుకుని వచ్చేటప్పుడు వాయించేది మా తమ్ముడు సింహాచలం. వాడు వాయించేది జముకు.

జముకు తెలియనివాళ్ళకి చెబుతాను. కుంచం లాంటి పాత్రకి ఒక వైపు తోలు మూసి, ఆ తోలు మధ్యలోంచి ఒక తంతి తీస్తారు. పాత్రని చంకలో ఇరికించి, తంతిని బిగబట్టి మీటితే మూలుగు లాంటి చప్పుడు వస్తుంది. బిగిస్తే మూలుగు పైకి లేస్తుంది, వదిలితే కిందికి దిగుతుంది. మా ఇంట్లో అమ్మవారి కథ చెప్పేది దీంతోనే. మా నాన్న చెప్పాడు, ఆయన తరవాత తమ్ముడు. వ్యవసాయం మా తిండి, కథ మా ఇంటి హక్కు. కథ మొదట్లో అమ్మవారిని రమ్మని ఒక వాయింపు ఉంటుంది, దాన్ని పిలుపు అంటాం. కథ అయ్యాక, వచ్చావు, విన్నావు, ఇక పొలిమేర దాటి చల్లగా వెళ్ళిరా తల్లీ అని ఇంకో వాయింపు. అది సాగనంపు. పిలిచినవాడు సాగనంపకుండా లేవకూడదు. చుట్టాన్ని పిలిచి, వెళ్ళిరమ్మని చెప్పకపోతే చుట్టం ఇంట్లోనే ఉండిపోదూ?

జగన్నాథరావుగారు ఏదో అమ్మవారి సంబరంలో ఆ పిలుపు విన్నారట. నల్లచెయ్యికి అదే కావాలని పట్టుబట్టారు. తమ్ముడు దున్నేది ఆయన మడి, కాదనే వీల్లేదు. నిజం చెప్పాలంటే వాడికి కాదనాలనీ లేదు. మా తమ్ముడికి మెప్పంటే బెల్లం.

మెప్పు మాత్రం కుంచాలతో కొలిచి పోశారు. మొదటి భాగం ఆడిన మర్నాడు కాశీబుగ్గలో బంగారయ్య నూనెకొట్టు దగ్గర నిలబడడానికి చోటు లేదు. నేను నూనెకని వెళ్ళి, గిన్నె చేత్తో పట్టుకుని మధ్యాహ్నం దాకా అక్కడే ఉండిపోయాను. బంగారయ్య ఫిడేలు పక్షం. బొమ్మలో పిల్ల తన తండ్రి శవం మీద పడి ఏడ్చేటప్పుడు రెండు ఫిడేళ్ళూ కలిసి ఏడ్చాయని, అసలు బాజా అంటే అదని, జముకు మన పాకల్లో వాయించుకునేదని, దొరల బొమ్మకి అది అతకలేదని అతని వాదన. సుమ్మాదేవి వరహాలు జముకు పక్షం. ఈ వరహాలు రోజూ సాయంత్రం రైలుబండికి సుమ్మాదేవి నుంచి వచ్చి, బొమ్మ చూసి, ఇక్కడ అత్తవారింట పడుకుని పొద్దున్నే పోయేవాడు. పోయేముందు కొట్టు దగ్గర ఒక వాదన వేసుకోకపోతే వాడికి బండి ఎక్కబుద్ధయ్యేది కాదు.

"ఫిడేలు ఏడిపిత్తాది, జముకు బెదిరిత్తాది. అంతే కదరా" అన్నాడు బంగారయ్య.

"బెదరడానికే కదా బావా ఎల్లినాం" అన్నాడు వరహాలు.

అందరూ నవ్వారు. ఆ తరవాత వరహాలు చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. జముకు మోగినంతసేపూ భయం లేదట. చెయ్యి తలుపు సందులో కనిపించే ముందు మా తమ్ముడు తంతి మీద వేలు వేసి చప్పుడు ఆపేస్తాడు. ఆ ఆపిన చోట తన గుండె చప్పుడు తనకే వినబడిందట. ఆపడం కూడా ఒక వాయింపేనా అని బంగారయ్య ఎగతాళి చేశాడు. ఆపడం చేతకానివాళ్ళకి అలాగే ఉంటుందిలే అని నేను అతని నోటికేసి వేలు చూపించాను. ఆ పూట నా గిన్నెలో నూనె తక్కువ పడింది.

మొదటి రెండు రోజులూ బొమ్మ ఆపగానే తమ్ముడు అక్కడే కూర్చుని సాగనంపు వాయించాడు. జనం చాపలు చుట్టుకుంటూ అది విని, అలవాటు చొప్పున దణ్ణం పెట్టుకుని, నిమ్మళంగా ఇళ్ళకి పోయారు. జగన్నాథరావుగారికి ఒళ్ళు మండింది. భయంతో ఇంటికి పోవలసిన జనాన్ని నువ్వు జోకొట్టి పంపిస్తున్నావు, రేపు ఎవడొస్తాడు అని కేకలేశారు. మర్నాటి నుంచి పిలుపు ఉండాలి, సాగనంపు ఉండకూడదు అన్నారు.

ఇంటికొచ్చి తమ్ముడు ఆ మాట చెబితే నేను వాణ్ణి చెడామడా తిట్టాను. నాన్న ఉంటే చేతులు విరిచేవాడన్నాను. వాడు కోపగించుకోలేదు. ఆలోచించే వచ్చాడు.

"మన కత నాలుగు రేత్రులు సెప్తే సాగనంపు ఆకరి రేతిరే కదప్పా. ఇదీ అంతే. ఇది రోజుకో కత కాదు, ఒకటే కత. ఆకరి బాగం అవగానే వాయించేత్తాను, బాబుగారు ఒప్పుకున్నారు" అన్నాడు.

నిజమే, సంబరాల్లో కథ రాత్రుల తరబడి సాగితే సాగనంపు చివరి రాత్రే. మధ్య రాత్రుల్లో అమ్మవారు ఊళ్ళోనే ఉంటుంది, కథ కొస వినడానికి. కథకుడి ఇంట్లో పుట్టినవాడికే వచ్చే లెక్క అది. ఇంకెవడికీ అలా తోచేది కాదు. వాడి పెళ్ళాం కాంతం కూడా సరేననుకుంది. వాళ్ళ పిల్ల చిన్నతల్లి నాన్నని అనుకరిస్తూ కొబ్బరి చిప్ప చంకలో పెట్టుకుని ఇల్లంతా తిరుగుతుంటే మేము ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ తరవాత రోజులు గుడారం కిక్కిరిసిపోయింది. కోటబొమ్మాళి నుంచి, ఉద్దానం ఊళ్ళ నుంచి బళ్ళు కట్టుకుని వచ్చారు. కొట్టు దగ్గర వాదనలు ముదిరిపోయాయి. ఆ చెయ్యి బొమ్మలో డాక్టరుదని బంగారయ్య, పిల్ల మేనమామదని వరహాలు. డాక్టరు కనబడినప్పుడల్లా క్లారినెట్టు కిందిస్థాయిలో పలుకుతోంది, బాజావాళ్ళకి తెలుసు, వాళ్ళు మనకి గుట్టు విప్పుతున్నారు అని బంగారయ్య. అది మనల్ని తప్పుదారి పట్టించడానికి చేసిన పని అని వరహాలు. ఆఖరి భాగంలో చెయ్యి తొడుగు ఊడదీసేటప్పుడు ఏ బాజా వాయించాలో కూడా వీళ్ళే తేల్చేశారు. బాజా కట్టిన పెద్దమనిషి వింటే పారిపోయేవాడు.

ఆఖరి భాగం రాలేదు. రీళ్ళ పెట్టె రైల్లో వస్తుందన్నారు, ఏ టేసన్లో దిగిపోయిందో తెలియదన్నారు, టెలిగ్రాములు కొట్టారు. జగన్నాథరావుగారు ఎదురుచూసి ఎదురుచూసి బాజావాళ్ళని పంపించేసి టెక్కలి వెళ్ళిపోయారు. గుడారం అలాగే ఉంది. తెర అలాగే ఉంది. తమ్ముడు రోజూ టేసనుకి వెళ్ళి పార్సిలు గుమాస్తాని అడిగి వచ్చేవాడు. మంచి బట్టలు కట్టుకుని వెళ్ళేవాడు, పెట్టె వస్తే ఆ పూటే ఆట ఉంటుందేమోనని. నేను ఊరికే సాగనంపు వాయించెయ్యరా అంటే, కథ కొస లేకుండా ఎలా వాయించను, కొస ఏమిటో నాకు తెలియదు కదా అన్నాడు. ఆ మాట అన్నప్పుడు మొదటిసారి వాడి ముఖంలో బెదురు చూశాను.

అప్పటికే మందస వైపు అమ్మవారు పోసిందని వింటున్నాం. తరవాత ఉద్దానంలో రెండు ఊళ్ళలో అన్నారు. తరవాత కాశీబుగ్గలో ఒకరింట గుమ్మానికి వేపమండలు కనబడ్డాయి. మశూచి ఏటేటా ఎక్కడో ఒకచోట వచ్చేదే. ఎండలు ముదిరితే వచ్చేదే. ఆ సంగతి ఎవడికీ గుర్తులేదు. బంగారయ్య కొట్టు దగ్గర మాట మారిపోయింది. సాగనంపు లేకుండా పిలుపు వాయించాడంట, రోజుల తరబడి వాయించాడంట, పిలిస్తే రాదేటి మరి. ఆ నోళ్ళే. వహ్వా అన్న నోళ్ళే. నేను వెళ్ళేసరికి గప్‌చుప్ అయిపోయేవారు. చంపుడు బొమ్మకి అమ్మవారి వాయింపేమిటి అని ఒక్కడు ముందే అని ఉంటే నేను వాడి కాళ్ళు కడిగేదాన్ని.

సుమ్మాదేవిలో వరహాలు కొడుక్కి పోసింది. ఆ వారంలోనే మా చిన్నతల్లికి జ్వరం వచ్చింది. మూడోనాటికి ముఖమంతా పొక్కులు తేలాయి.

ఇంట్లో తాలింపు మానేశాం, తల దువ్వుకోవడం మానేశాం, చాప మీద వేపాకు పరిచి పిల్లని పడుకోబెట్టాం. కాంతం వేపమండతో విసురుతూ కూర్చుంది. తమ్ముడు పిల్ల దగ్గర కూర్చునేవాడు కాదు, గుమ్మం బయట కూర్చునేవాడు. నేనే పిలిచాను, నా గుంటని నేనే ఇచ్చేశాను అని ఒకటే మాట. దొర మాట విన్నావు కానీ నువ్వేం చేశావురా అని నేను జగన్నాథరావుగారిని నోటికొచ్చినట్టు తిట్టాను. వాడికి ఆ ఊరట పట్టలేదు. వాడికి ఒకటే అర్థమైంది. సాగనంపితే పిల్ల బతుకుతుంది.

వరహాలే వచ్చాడు, ఇంకో పదిమందిని వెంటబెట్టుకుని. వాడి కళ్ళు లోపలికి పోయాయి. పిలిచిన చోటే సాగనంపాలి, గుడారంలోనే, ఆ తెర ముందే, మేమంతా వచ్చి కూర్చుంటాం అన్నాడు. బొమ్మ కొస ఎవరికీ తెలియదు కదా అని తమ్ముడు అడిగాడు.

"బొమ్మ కొస ఎవుడిక్కావాలి సింహాసెలం. అమ్మోరి కత కొస నీకు తెలుసు కదా. అదే సెప్పు. నా గుంటడు ఉన్నాడు" అన్నాడు వరహాలు.

టెక్కలి కబురు పంపితే జగన్నాథరావుగారు బండి కట్టించుకుని స్వయంగా వచ్చారు. ఆయన ఇవన్నీ నమ్మే మనిషి కాదు. అయినా గుడారం తాళ్ళు బిగించి, గుడ్డలు పైకి ఎత్తించి, తన కుర్చీ బయట పెట్టించేసి జనంతో పాటు ఇసకలో కూర్చున్నారని తరవాత విన్నాను. ఆ ఒక్కదానికి నేను ఆయన్ని తిట్టడం కొంత తగ్గించాను.

సాగనంపే కథకుడి ఇంట్లో చావు మైల ఉండకూడదు. ఇది మాకు పుట్టుకతో తెలిసిన కట్టుబాటు. మైల చేతితో వాయిస్తే సాగనంపు చెల్లదు. అమ్మవారు కోపంతో వెనక్కి తిరుగుతుందంటారు. అందుకే పిల్లకి ఊపిరి ఉండగానే, ఆ రోజు మధ్యాహ్నమే వాడు స్నానం చేసి, జముకు పట్టుకుని, లోపలికొచ్చి పిల్ల కేసి చాలాసేపు చూశాడు. పిల్ల ఊపిరి గరగరలాడుతోంది. వాడు దాని కాలి బొటనవేలు పట్టుకుని వదిలాడు.

"నానొచ్చేదాకా సూసుకో అప్పా" అన్నాడు.

బేగి రా అన్నాను. ఇంకేమంటాను.

గుడారానికీ మా ఇంటికీ మధ్య కొబ్బరిచెట్ల వరస ఒకటి, కంచె ఒకటి. గాలి లేదు. ఎండలో అంతా చప్పబడి ఉంది. జముకు స్పష్టంగా వినబడుతోంది. వాడు కథ కొస దగ్గర ఎత్తుకున్నాడు, అమ్మవారు అన్ని ఊళ్ళూ తిరిగి అలసిపోయి దాహం అడిగే చోటు. వాడి గొంతు అంత మెత్తగా నేను ఎప్పుడూ వినలేదు. గుడారంలో చోటు దొరక్క కంచె పక్కన నిలబడినవాళ్ళు నలుగురు ఉన్నారు. అందులో బంగారయ్య గొంతు గుర్తుపట్టాను. దీని ముందు ఫిడేలు ఏటి పనికొత్తాది అంటున్నాడు. నాకు లేచి వెళ్ళి వాడి చెంప పగలగొట్టాలనిపించింది.

అమ్మవారు పొలిమేర రాయి దగ్గరికి వచ్చే చోటు వాడు పాడుతున్నప్పుడు చిన్నతల్లి ఊపిరి ఆగిపోయింది. గరగర ఆగింది, అంతే. కాంతం విసురుతూనే ఉంది. తరవాత విసరడం ఆపింది. నా కేసి చూసింది. చూసి నోరు తెరిచింది.

నేను నా చెయ్యి దాని నోటి మీద వేసి మూసేశాను.

రాతి మనిషినని నన్ను అనుకుంటే అనుకోండి. ఏడుపు ఒక్కటి బయటికి పోతే కంచె దాకా పోతుంది, కంచె దగ్గరివాళ్ళు గుడారంలోకి పరుగెడతారు, వాడు మధ్యలో లేచి వచ్చేస్తాడు. కథ మళ్ళీ కొస లేకుండా ఉండిపోతుంది. మైల సంగతి మా ఇద్దరి కడుపులోనే ఉంచుకుంటే మిగతావాళ్ళకి సాగనంపు చెల్లినట్టే. ఆ గుడారంలో కూర్చున్నవాళ్ళ ఇళ్ళలో పిల్లలు చాపల మీద ఉన్నారు. మా పిల్లే పోయాక ఎవరి పిల్లలైతే నాకేమిటని ఒక క్షణం అనిపించింది. అనిపించలేదని అబద్ధం చెప్పను. కానీ ఆ పిల్లల్లో ఎవరు పోయినా, వాడు బతికినన్నాళ్ళూ ఆ చావు వాడిదే అంటారు. వాడు కూడా అదే నమ్ముతాడు.

"కొసదాకా కానియ్యే కాంతం. ఒక్క రవ్వ ఓర్సుకో" అన్నాను దాని చెవిలో.

అది నా అరచెయ్యి కొరికింది. కొరకనిచ్చాను. దాన్ని నా ఒళ్ళోకి లాక్కుని, దాని తల నా గుండెకేసి అదిమి, అలాగే కూర్చున్నాను. ఎదురుగా పిల్ల. కన్న తల్లి నోరు మూసి కూర్చున్న ఆడది నేను తప్ప ఇంకెవరైనా ఉంటారా అనుకున్నాను. జముకు ఎంతకీ ఆగదు. వాడు ఒక్క చరణం కూడా వదలడం లేదు, ఎక్కడా తొందరపడడం లేదు. పిల్ల కోసం వాయిస్తున్నాడు కదా, ఎందుకు వదులుతాడు.

చివరికి సాగనంపు మొదలైంది. మూలుగు మెల్లగా పైకి లేచి, ఒక చోట నిలబడి, కిందికి దిగి దిగి సన్నబడిపోయింది. గుడారంలో జనం ఒక్కసారి తల్లీ అన్నారు. తరవాత చాపలు దులిపే చప్పుడు, మాటలు.

వాడు పరుగున వచ్చాడు. వెనకాలే వరహాలు, చేతిలో తువ్వాలు పట్టుకుని వాడికి విసురుతూ వస్తున్నాడు. తమ్ముడి ముఖం చెమటతో మెరుస్తోంది. నవ్వుతున్నాడు.

"ఎల్లిపోనాదప్పా. సల్లగా ఎల్లిపోనాది" అంటూ గుమ్మం దాటాడు.

దాటి ఆగాడు. కాంతం నా ఒళ్ళో అలాగే ఉంది. వాడు వంగి పిల్ల గుండె మీద చెయ్యి పెట్టాడు. కాలు పట్టుకున్నాడు. వేళ్ళు వంచబోయాడు, అవి వంగలేదు. అప్పుడు నా అరచెయ్యి చూశాడు, కాంతం నోటి చుట్టూ ఉన్న నా రక్తం చూశాడు. వాడికి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

వరహాలు గుమ్మంలో నిలబడిపోయాడు. తువ్వాలు చేతిలోంచి జారిపోయింది. అతను పిల్లని చూడడం లేదు, మమ్మల్ని ఒకరి తరవాత ఒకరిని చూస్తున్నాడు.

"ఎప్పుడు పోనాది?" అన్నాడు.

ఆ ప్రశ్నకి అర్థం ముగ్గురికీ తెలుసు. సాగనంపుకి ముందు పోయి ఉంటే అదంతా మైలలో వాయించినది. సుమ్మాదేవిలో చాప మీద ఉన్న వాడి కొడుక్కి ఇక ఆశ లేదని వాడు నమ్మేస్తాడు. ఇంత నోరున్న దాన్ని, ఊరందరినీ కడిగేసే దాన్ని, నాకు మాట రాలేదు. అబద్ధం ఆడాలని తెలుసు. 

తమ్ముడు పిల్ల కాలు వదలకుండానే తల తిప్పి చూశాడు.

"ఇప్పుడే బావా. నాను వచ్చి కాలు ముట్టుకున్నాక పోనాది. సాగనంపు సక్కగా జరిగింది. నీ గుంటడికి ఏటీ అవదు. ఎల్లు, బండి టైమయిపోద్ది" అన్నాడు.

వరహాలు చేతులు జోడించాడు, తిరిగి వెళ్ళిపోయాడు. వాడు కంచె దాటేదాకా, కొబ్బరిచెట్లు దాటి టేసను దారి పట్టేదాకా తమ్ముడు గుమ్మంలోంచి చూస్తూ నిలబడ్డాడు. తరవాత తలుపు వేశాడు. వచ్చి పిల్ల పక్కన నేల మీద కూర్చుని కాంతం తల మీద చెయ్యి వేశాడు.

"ఇంక ఏడండి" అన్నాడు.